వారానికి గంటన్నర తెలుగు

డాలస్ శివారులో శనివారం పొద్దున తొమ్మిదింటికి మా తెలుగు తరగతి మొదలవుతుంది. పదకొండు మంది పిల్లలు, అందరూ ఎనిమిది నుంచి పదకొండేళ్ల లోపువాళ్లు. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడే తెలుగు వాళ్లకు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మాకున్నది వారానికి గంటన్నర. మొదటి రెండేళ్లూ అందులో గంటసేపు నేనే మాట్లాడాను. బోర్డు మీద గుణింతం రాసి చెప్పేదాన్ని, వాళ్లు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్లు. ఒక్కొక్కరికి నోరు విప్పే వంతు రెండు నిమిషాలు కూడా దక్కేది కాదు. ఆ సంగతి నన్ను చాలా బాధపెట్టింది.

దారి చూపింది ఇద్దరు కెమిస్ట్రీ మాస్టర్లు. కొలరాడోలోని ఉడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ 2007లో, క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. వచ్చిన పిల్లలూ వాటిని చూడసాగారు. పాఠం ఇంట్లోనే విని రమ్మని, అభ్యాసాలు బడిలో దగ్గరుండి చేయిస్తే మేలు కదా అనుకున్నారు వాళ్లు. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే ఇంతే. 2012లో దాని మీద పుస్తకం కూడా రాశారు.

కెమిస్ట్రీ కన్నా భాషకే ఇది ఎక్కువ అవసరమని నా నమ్మకం. వ్యాకరణం ఒంటరిగా కూర్చుని వినొచ్చు. కబుర్లకు ఎదుట మనిషి ఉండాలి.

మేము, మనం సంగతే తీసుకోండి. ఇంగ్లీషులో రెంటికీ ‘వుయ్’ ఒక్కటే. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఈ తేడా చెప్పడానికి నాకు తరగతిలో అరగంట పట్టేది. ఇప్పుడు మూడున్నర నిమిషాల వీడియోలో చెబుతాను. ప్లేటులో ఆరు జంతికలు పెట్టి, అటు మా అబ్బాయిని, ఇటు మా అమ్మాయిని కూర్చోబెట్టి తీశాను. ‘మేము తింటాం’ అంటే ఎవరికి దక్కవు, ‘మనం తిందాం’ అంటే ఎవరెవరికి దక్కుతాయి అన్నది పిల్లలు చూసి వస్తారు. ఇక శనివారం గంటన్నరా నిజం జంతికలతో బేరాలే.

ఈ వీడియోలన్నిటికీ ఒక చోటు కావాలి కాబట్టి గూగుల్ సైట్స్‌లో మా తరగతికి వెబ్‌సైట్ పెట్టాను. డబ్బు కట్టక్కర్లేదు, కోడింగ్ రానక్కర్లేదు. వారానికో పేజీ. పైన వీడియో, దాని కింద పది మాటలు, ఒక్కో మాట పక్కన నా గొంతుతో ఉచ్చారణ, చివర ఒకే ఒక్క ప్రశ్న. మాటల్ని బొమ్మలుగా అతికించకుండా యూనికోడ్‌లో టైపు చేస్తాను, పిల్లలు వాటిని కాపీ చేసుకుని నిఘంటువులో వెతుక్కోవడానికి వీలుగా. పిల్లల పేర్లు, ఫొటోలు ఆ సైటులో ఎక్కడా ఉండవు. మేం అనుమతించిన తల్లిదండ్రుల ఖాతాలకే అది తెరుచుకుంటుంది. ఈ విషయంలో పంతులమ్మలెవరూ అలసత్వం చూపకూడదు.

మొదట్లో తీసిన వీడియో పద్దెనిమిది నిమిషాలు వచ్చింది, ఇద్దరే చూశారు. ఇప్పుడు నాలుగు నిమిషాలు దాటనివ్వను. చాలామంది ఈత క్లాసుకు వెళ్తూ కారులోనే చూసేస్తారు. చూడకుండా వచ్చినవాళ్లను కోప్పడను. గది మూల ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు ఉంటాయి. అక్కడ చూసి వచ్చి ఆటలో కలుస్తారు. చేతిరాత మాత్రం ఇంటికి వదల్లేదు. ఒత్తు ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పుతున్నారో పక్కన నిలబడి చూడాల్సిందే, ఒక్కోసారి వేలు పట్టి దిద్దించాల్సిందే.

పేజీ చివరి ప్రశ్న ఎప్పుడూ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెలుసుకోవాల్సింది. వేసవిలో మాకు పొద్దున తొమ్మిదైతే తెనాలిలో రాత్రి ఏడున్నర, భోజనాల వేళ. మొన్న ఒక పిల్లాడు తరగతిలోంచే అమ్మమ్మకు వీడియో కాల్ చేసి, “వచ్చే నెల మనం ఇండియా వస్తున్నాం” అన్నాడు.

“నేనిక్కడే ఉన్నాను కదరా నాన్నా, నేనెక్కణ్ణుంచి వస్తాను?” అందావిడ.

వాడు ఒక్క క్షణం ఆగాడు. నేను నోరు మెదపలేదు.

“మేము వస్తాం, అమ్మమ్మా. వచ్చాక మనం మామిడిపళ్లు తిందాం.”