ఓడ పత్రాలు – కొనుగోలుదారుని నష్టభయం: దిగుమతి ఎరువుల దృష్ట్యా ఒక పరిశీలన

విశాఖపట్నానికి ఉత్తరాన, గోస్తనీ నది ఒడ్డున ఉన్న తగరపువలసలోని ఎరువుల దుకాణానికి చేరే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తా కెనడా, రష్యా, జోర్డాన్ వంటి దేశాలలో ఎక్కడో ఓడకెక్కినదే. ఈ ఎరువు కోసం మన దేశం దిగుమతులపైనే ఆధారపడుతున్నది. రైతు చేతికి రసీదు అందేనాటికి ఆ సరుకు తాలూకు కాగితాలు పలుమార్లు చేతులు మారి ఉంటాయి. ఓడ రేవు చేరకముందే దాని ధర చెల్లింపు కూడా తరచు పూర్తవుతుంది. సరుకు తడిసి గడ్డకట్టి వస్తే ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం గోదాములో దొరకదు, ఓడ పత్రాలలో వెదకవలసి ఉంటుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెద్ద మొత్తంలో ఎరువులు కొనుగోలు చేయదలచినపుడు వాటికి సలహా చెప్పే విస్తరణ శాస్త్రవేత్తకు ఈ విషయంలో కొంత పరిజ్ఞానం అవసరం.

ఈ పత్రాలలో ప్రధానమైనది బిల్ ఆఫ్ లేడింగ్. సరుకు ఓడకెక్కిందనడానికి ఇది రసీదు, రవాణా ఒప్పందానికి సాక్ష్యం, సరుకుపై హక్కును తెలిపే పత్రం కూడా. మూడవ లక్షణమే దీనిని మామూలు రసీదుల కంటె విలువైనదిగా చేసింది. సరుకు సముద్రం మీద ఉండగానే పత్రం వెనుక సంతకం చేసి మరొకరికి అమ్మివేయవచ్చు. మన దేశంలో దిగుమతిదారులు చేసే ‘హై సీస్’ అమ్మకాలు ఈ పద్ధతిలోనే జరుగుతాయి. ఇటువంటి పత్రాల కింద హక్కులను 1856 నాటి చట్టం నిర్దేశించేది. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది.

1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనపుడు, యాజమాన్యం ఎవరిదో నష్ట బాధ్యత వారిదే. సముద్ర వ్యాపారంలో మాత్రం ఆ ‘వేరే ఒప్పందం’ ఎల్లపుడూ ఉంటుంది. ఎఫ్.ఓ.బి. అయినా, సి.ఐ.ఎఫ్. అయినా, సరుకు ఎగుమతి రేవులో ఓడ మీదికి చేరిన క్షణం నుండి నష్ట బాధ్యత కొనుగోలుదారునిదే. సి.ఐ.ఎఫ్.లో కిరాయి, బీమా అమ్మకందారు చెల్లిస్తాడు గనుక ప్రయాణమంతా అతని పూచీ అని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. అతను ఖర్చు భరిస్తాడేగాని నష్టం భరించడు. ఓడ అంచును సరుకు దాటడమే హద్దు అన్న పాత నియమాన్ని 2010 నాటి ఇన్‌కోటెర్మ్స్ తొలగించి, ఓడ మీద ఉంచడాన్ని హద్దుగా చేశాయి. భీమునిపట్నంలో ఓడలు దూరాన లంగరు వేయగా మసులా పడవలలో సరుకు మోసిన కాలాన్ని తలచుకుంటే, ఒడ్డుకూ ఓడకూ నడుమ మునిగిన మూట ఎవరిదన్న తగవుకు ఇటువంటి హద్దు ఎంత అవసరమో బోధపడుతుంది.

వ్యవసాయోత్పత్తుల వ్యాజ్యాలే ఈ సూత్రాలలో కొన్నింటిని స్థిరపరచాయి. హాప్స్ కొనుగోలుదారులు సరుకు చూడనిదే డబ్బు ఇవ్వమన్న బిడెల్ బ్రదర్స్ వ్యాజ్యంలో, సి.ఐ.ఎఫ్. కొనుగోలుదారు పత్రాలు అందినపుడే చెల్లించాలని 1911లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పునిచ్చింది. మాన్‌బ్రే శాకరిన్ వ్యాజ్యం మరింత ఆశ్చర్యకరమైనది. పిండిపదార్థం, మొక్కజొన్న పాకం తీసుకువస్తున్న ఆల్గాంక్విన్ అనే ఓడను 1917 మార్చిలో జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. మునిగినట్లు తెలిసి కూడా అమ్మకందారు పత్రాలు సమర్పించవచ్చని న్యాయస్థానం చెప్పింది. అయినా కొనుగోలుదారే గెలిచాడు. కారణం, పత్రాలతోపాటు సరైన బీమా పాలసీ ఇవ్వకుండా అమ్మకందారు ఉత్తరంతో సరిపెట్టడం. సముద్రం పాలైన సరుకు కంటె లేని కాగితం అతనికి ఎక్కువ నష్టం కలిగించింది.

లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే బ్యాంకు సరుకును పరీక్షిస్తుందన్న అపోహ ఇంకొకటి. యు.సి.పి. 600 నియమావళిలోని 5వ అధికరణం ప్రకారం బ్యాంకుల వ్యవహారం పత్రాలతోనే, సరుకుతో కాదు. దీనికి మోసం ఒక మినహాయింపు. 1941లో న్యూయార్కు న్యాయస్థానం ముందుకు వచ్చిన స్టెయిన్ వ్యాజ్యంలో, లక్నోకు చెందిన అమ్మకందారు కుంచెలకు వాడే పందివెంట్రుకలకు బదులు ఆవు వెంట్రుకలు, చెత్త పెట్టెలలో నింపి పంపాడన్నది ఆరోపణ. అది నిజమే అనుకొని విచారించిన న్యాయస్థానం, అటువంటి స్థితిలో చెల్లింపు ఆపవచ్చునన్నది. అయితే నాసిరకం సరుకు వేరు, మోసం వేరు. పొటాష్‌లో తేమ కొంచెం ఎక్కువైనదన్న కారణంతో చెల్లింపును ఆపించడం సాధ్యం కాదు. అందుకే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోనే స్వతంత్ర సర్వే సంస్థ ఇచ్చే నాణ్యతా ధ్రువపత్రాన్ని, కోరిన విశ్లేషణ అంకెలతో సహా, షరతుగా చేర్చడం మేలు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ‘బరువు, నాణ్యత తెలియవు’ అన్న మాటలు తరచు ఉంటాయి. అవి ఉన్నంతవరకు ఆ రసీదు బలం అంతంతమాత్రమే.

బీమా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇన్‌కోటెర్మ్స్ 2020 ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, సి.ఐ.ఎఫ్. అమ్మకందారు ఇవ్వవలసినది ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల ‘సి’ రక్షణ మాత్రమే. అగ్నిప్రమాదం, ఓడ మునుగుట, నేలకు తగులుట, ఢీకొనుట వంటివి అందులో ఉన్నాయి. ఓడ గదిలోకి సముద్రపు నీరు చొరబడుట ‘బి’లో ఉన్నది, ‘సి’లో లేదు. వాన నీటికి ‘ఎ’ తప్ప దారి లేదు. ఎరువులకు ముప్పు ప్రధానంగా నీటి వలననే గనుక, మూత సరిగా బిగియని ఓడలో తడిసిన పొటాష్‌కు ‘సి’ పాలసీ కింద పరిహారం రానట్లే. ప్రీమియంలో కొద్ది తేడాకు వెనుకాడడం ఇక్కడ తగదు.

విడి సరుకులో మరొక చిక్కు ఉన్నది. ఒకే ఓడలోని పొటాష్‌ను ముగ్గురు నలుగురు కొన్నారనుకుందాం. వస్తు విక్రయ చట్టం 18వ సెక్షను ప్రకారం, ఎవరి భాగం ఏదో నిర్ధారణ అయ్యేవరకు యాజమాన్యం ఎవరికీ మారదు. డబ్బు చెల్లించినా, నష్ట బాధ్యత తలకెత్తుకున్నా సరుకు మాత్రం తమది కాదన్నమాట. 1927 నాటి ‘రీ వెయిట్’ తీర్పులో జరిగినది ఇదే. ఛాలెంజర్ అనే ఓడలోని వెయ్యి టన్నుల గోధుమలలో 500 టన్నులకు ధర చెల్లించినవారు, ఓడ రాకముందే అమ్మకందారు దివాలా తీయగా ఆ గోధుమలపై హక్కు పొందలేకపోయారు. ఇంగ్లండు 1995లో తన చట్టాన్ని సవరించి, అవిభక్త సరుకులో కొనుగోలుదారులకు వాటా కల్పించింది. మన 18వ సెక్షను మాత్రం పాత రూపంలోనే ఉన్నది. రెండు సంఘాలు కలసి ఓడలోని భాగం కొనేటపుడు డబ్బు ఎప్పుడు చెల్లించాలన్న ప్రశ్న ఈ కారణంగా కీలకమవుతుంది.

నష్టం ఎక్కడ జరిగిందో తేల్చడంలో వ్యవసాయ శాస్త్రజ్ఞుని పాత్ర ఉన్నది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొటాష్‌లో తేమ 0.5 శాతం మించరాదు, నీటిలో కరిగే పొటాష్ 60 శాతానికి తగ్గరాదు. పొటాషియం క్లోరైడ్ గాలి నుండి తేమ పీల్చడం 30 డిగ్రీల వద్ద గాలిలో తేమ సుమారు 84 శాతం దాటినపుడు మొదలవుతుంది. వర్షాకాలంలో విశాఖ తీరాన గాలి ఆ స్థాయిని దాటడం అరుదేమీ కాదు. కాబట్టి ఓడలో తడిసినదా, రేవు గట్టున తడిసినదా అన్నది వివాదమవుతుంది. మొదటిదైతే ఓడ యజమాని లేదా బీమా సంస్థ, రెండవదైతే నిల్వ చేసినవారు బాధ్యులు. సముద్రపు నీటి జాడ పట్టడానికి సర్వేయర్లు వెండి నైట్రేట్ పరీక్ష చేస్తారు. యూరియాకు, పప్పుధాన్యాలకు ఇది సరిపోతుంది. పొటాష్ స్వయంగా క్లోరైడ్ గనుక అక్కడ ఈ పరీక్షకు అర్థం లేదు. సముద్రపు నీటితో వచ్చే మెగ్నీషియం, సల్ఫేట్‌ల కోసం విశ్లేషణ చేయించి, అదే ఓడలోని తడవని సరుకు నమూనాతో పోల్చవలసి ఉంటుంది. నమూనాలు ఓడ గది మూతలు తెరచినపుడే తీసి, ఉభయపక్షాల ముద్రలతో భద్రపరచాలి.

హేగ్ నియమాలు వర్తించే ఒప్పందాలలో పైకి కనిపించే నష్టానికి సరుకు తీసుకునేటపుడే, కనిపించని దానికి 3 రోజులలోపు, వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుంటే దావా పోదు గాని, సరుకు బాగానే అందినట్లు ప్రాథమికంగా భావిస్తారు. ఓడ యజమానిపై దావా వేయడానికి గడువు మాత్రం ఒక సంవత్సరమే. గోదాములో గడ్డలు కనిపించిన తరువాత ప్రయోగశాల నివేదిక కోసం ఎదురుచూస్తూ నోటీసును వాయిదా వేయరాదు. నోటీసు ముందు పంపి, నివేదికను తరువాత జతపరచవచ్చు.