పశ్చిమ కర్నూలు మెట్ట పొలాల్లో కృష్ణజింకలు: ఉమ్మడి నిర్వహణ ఆవశ్యకత

వ్యాససంగ్రహం:
కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మెట్ట రైతులకు కృష్ణజింకల వల్ల కలిగే పంటనష్టం చాలా కాలంగా తీరని సమస్యగా ఉంది. ఆ జంతువుకు చట్టం అత్యున్నత రక్షణ కల్పించింది. రైతుకు కాపలా ఒక్కటే మిగిలింది. ఎవరి చేనిని వారు కాచుకుంటే నష్టం తగ్గదు, పక్క చేనికి మారుతుంది. కాబట్టి సర్వే నంబరును కాక, మంద తిరిగే మేరను ప్రమాణంగా తీసుకొని పొరుగు గ్రామాలు కలిసి చేయగల నిర్వహణను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కృష్ణజింక, మెట్ట వ్యవసాయం, పంటనష్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం, సామాజిక రక్షిత ప్రాంతం, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు వ్యవహారంలో 'జింక' అనే మాట ఒకటికి మించిన జంతువులకు వర్తిస్తుంది. అడవిలో ఉండే చుక్కల దుప్పినీ, బయలు నేలల్లో తిరిగే కృష్ణజింకనూ జింక అనే అంటారు. శాస్త్రరీత్యా ఇవి వేరు. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక మెలితిరిగిన కొమ్ములు జీవితాంతం ఉంటాయి. ఇది ఆవు, మేకల కుటుంబానికి చెందింది. ఇర్రి, కృష్ణసారం అనేవి దీని పాత పేర్లు. కృష్ణసారం సహజంగా సంచరించే నేల యజ్ఞయోగ్యమని మనుస్మృతి పేర్కొంది. నేడు ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఇంతటి గౌరవం పొందిన జంతువే మొలక చేనులో దిగినప్పుడు రైతు ఏడాది కష్టానికి ముప్పుగా మారుతోంది.

2. నేల, పంట, మంద:
ఈ ప్రాంతంలో నల్లరేగడి నేలలు విస్తారం. తుంగభద్ర దిగువ కాలువ కింది ఆయకట్టును మినహాయిస్తే వ్యవసాయం ప్రధానంగా వర్షాధారం. వేరుశనగ, పత్తి, కంది, జొన్న, శనగ ముఖ్యమైన పంటలు. కృష్ణజింక దట్టమైన అడవిలో ఇమడదు. దూరం నుంచే ఆపదను కనిపెట్టి వేగంగా పరుగెత్తడమే దాని ఆత్మరక్షణ. అందుకు చెట్లు తక్కువగా ఉన్న చదునైన నేల కావాలి. పూర్వం ఆ అవసరాన్ని గడ్డి బీళ్లు తీర్చేవి. బీళ్లు సాగులోకి వచ్చాక పొలమే దానికి మేత బయలు అయింది. దానిని సహజంగా వేటాడే తోడేలు కూడా అరుదైపోయింది. ఆడజింక సుమారు 6 నెలల గర్భం తరువాత సాధారణంగా ఒకే పిల్లను ఈనుతుంది. అయినా ఈతలు ఏడాది పొడవునా సాగగలవు కాబట్టి మేత, రక్షణ ఉన్నచోట మంద త్వరగా పెరుగుతుంది.

నష్టం అధికంగా జరిగేది మొలక దశలోనే. మంద లేత మొక్కలను మేస్తుంది, మిగిలినవాటిని తొక్కుతుంది. రైతు మళ్లీ విత్తనం కొని వేయాలి. అప్పటికి నేలలో పదును ఆరిపోతే రెండవ విత్తు కూడా దక్కదు. వర్షాధార సేద్యంలో విత్తే అదను తప్పితే ఆ కారు అంతా పోయినట్టే. ఈ ప్రాంతంలో 'సుగ్గి' పేరుతో కుటుంబాలు పనుల కోసం గుంటూరు వైపు వలస వెళ్లడం పరిపాటి. పంట దక్కని ఇంటికి ఆ దారి మరింత అనివార్యమవుతుంది.

3. కాపలా పరిమితులు:
మంచె వేసుకొని రాత్రుళ్లు కాయడం, డబ్బాలు మోగించడం, చేని చుట్టూ పాత చీరలు కట్టడం రైతులకు తెలిసిన ఉపాయాలు. వీటివల్ల మంద చేను దాటుతుంది తప్ప ఆకలి తీరి వెనుదిరగదు. ఒకరు తరిమిన మంద మరొకరి చేనులో దిగుతుంది. చివరికి కాపలాకు మనిషి లేని ఇంటివారు, వలస వెళ్లినవారు, వృద్ధులు ఎక్కువగా నష్టపోతారు. కంచెకు విద్యుత్తు తీగ కలపడం చట్టవిరుద్ధం, మనుషులకూ ప్రాణాంతకం.

4. చట్టపరిధి:
1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పైనా, కోలుకోలేని గాయం లేక రోగం పాలైనా తప్ప దానిని చంపడానికి 11వ సెక్షన్ కింద అనుమతి లభించదు. పంటనష్టం అందుకు కారణం కాదు. 12వ సెక్షన్ ప్రకారం అనుమతులు పొంది, చంపకుండా మరోచోటికి తరలించవచ్చు. 2025లో మధ్యప్రదేశ్‌లోని శాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్ సాయంతో మందలను గరాటు ఆకారపు ఆవరణలోకి మళ్లించి తరలించారు. కృష్ణజింక బెదురు జంతువు. పట్టుకునేటప్పుడు కలిగే ఒత్తిడికే ప్రాణం పోవచ్చు కాబట్టి ఈ పనికి నిపుణులు తప్పనిసరి. పైగా మేత బయలు యథాతథంగా ఉంటే మిగిలిన మంద మళ్లీ పెరుగుతుంది.

5. రోళ్లపాడు అనుభవం:
జింకల పార్కు ఏర్పాటు చేస్తే సమస్య తీరుతుందన్న అభిప్రాయం ఈ ప్రాంతంలో వినిపిస్తుంది. పూర్వపు కర్నూలు జిల్లాలోనే, ప్రస్తుత నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు అనుభవాన్ని ఇక్కడ పరిశీలించాలి. బట్టమేక పిట్ట రక్షణకోసం అక్కడ 1988లో అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లు మాత్రమే. రక్షణ లభించడంతో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో మేశాయి. రైతుల్లో అసంతృప్తి పెరిగింది. ఎవరికోసం అభయారణ్యం ఏర్పడిందో ఆ పిట్టే కనుమరుగవుతూ వచ్చింది. పొరుగు పొలాలతో ఒప్పందం లేని హద్దు మందను ఆపలేదని ఈ అనుభవం వల్ల తెలుస్తోంది.

6. ఉమ్మడి నిర్వహణ స్వరూపం:
స్కాట్లాండులో ఎర్రజింకలు అనేక ఎస్టేట్ల మీదుగా తిరుగుతాయి. అక్కడి భూయజమానులు నిర్వహణ బృందాలుగా ఏర్పడి, జింకలను కలిసి లెక్కించి ఉమ్మడి ప్రణాళిక వేసుకుంటారు. వేట అక్కడి ప్రణాళికలో భాగం. భారతీయ చట్టం ప్రకారం అది ఇక్కడ కుదరదు. గ్రహించదగింది లెక్కింపు, ప్రణాళిక అనే పద్ధతి మాత్రమే.

ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలకు దానిని ఇలా అన్వయించవచ్చు:
అ) మంద తిరిగే గ్రామాలన్నీ అటవీశాఖతో కలిసి ఒకే రోజు, ఒకే వేళ లెక్కించడం. అప్పుడు ఒకే మంద రెండు ఊళ్ల లెక్కలో చేరదు.
ఆ) పొరుగు చేలల్లో విత్తు వీలైనంతవరకు ఒకేసారి వేసి, మొలక దశలో వంతులవారీగా ఉమ్మడి కాపలా పెట్టడం.
ఇ) మిగిలిన ప్రభుత్వ బంజరులో గడ్డినీ నీటినీ కాపాడడం.
ఈ) నష్టాన్ని ఊరుమ్మడిగా వెంటనే నమోదు చేయించి పరిహారం కోరడం.

చట్టంలోని 36-సి సెక్షన్ ఇందుకు ఒక ఆధారం. వ్యక్తులు గాని సమాజం గాని ముందుకొస్తే ప్రైవేటు లేక ఉమ్మడి భూమిని సామాజిక రక్షిత ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. దాని నిర్వహణ కమిటీలో గ్రామ ప్రతినిధులకు స్థానం ఉంటుంది. అయితే ప్రకటన తరువాత కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూవినియోగం మార్చడం కుదరదు. కాబట్టి సన్నకారు రైతు భూమిని ఇందులో చేర్చమని కోరేముందు అతనికి దక్కే ప్రతిఫలం స్పష్టం కావాలి.

7. ముగింపు:
కృష్ణజింకను కాపాడే ఖర్చును ఇప్పుడు ప్రధానంగా మొలక కోల్పోయిన రైతు భరిస్తున్నాడు. రాష్ట్రమంతా గౌరవించే జంతువు భారం కొన్ని మండలాల మెట్ట రైతులపైనే పడడం న్యాయం కాదు. తరలింపు, పరిహారం, కాపలా విడివిడిగా కాక ఒకే ప్రణాళికలో భాగం కావాలి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత కార్మికులను సహకార సంఘంగా కూడగట్టారు. విడివిడిగా నిలబడలేని మగ్గాలకు నాడు కలయిక బలమైంది. విడివిడిగా కాచుకోలేని చేలకు కూడా ఆ మార్గమే అనుసరణీయం.