అద్దె ఇంటి వంటగది

పల్లెటూరి ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండేది. ధాన్యానికి గాదె, పాలు పెరుగులకు ఉట్టి, పచ్చడి జాడీలకు చీకటి కొట్టు, పండుగలకు మాత్రమే దింపే పెద్ద గిన్నెలకు అటక. పప్పులు, చింతపండు కుండల దొంతిలో ఉండేవి. ఈ ఏర్పాట్లు అందం కోసం చేసినవి కావు. పిల్లి అందుకోలేని చోటు, చెమ్మ తగలని చోటు, ఎండ పడని చోటు చూసి చేసినవి. బెంగుళూరులోనో, చెన్నైలోనో మూడో అంతస్తులో ఫ్లాటు అద్దెకు తీసుకొన్న కుటుంబానికి గాదె లేదు, ఉట్టి లేదు. చెమ్మ, వేడి, పురుగు మాత్రం అక్కడా ఉన్నాయి.

అద్దె ఇంటికి మరొక చిక్కు ఉంది. అది మన ఇల్లు కాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. అందువల్ల 11 నెలలకు పత్రం రాసుకొనే వాడుక ఏర్పడింది. తరువాత కొన్ని రాష్ట్రాలు అంతకు తక్కువ కాలపు ఒప్పందాలనూ నమోదు చేయించాలన్నాయి. అయినా ఆ వాడుక పోలేదు. గోడకు రంధ్రాలు పడితే యజమాని అడ్వాన్సులో కోత పెట్టవచ్చు. కాబట్టి మేకులు కొట్టి బిగించే అరల కంటే, నేలమీద నిలబడే ఇనుప స్టాండు మేలు. ఇల్లు మారినప్పుడు అది మన వెంటే వస్తుంది.

సామాను సర్దే ముందు ఒక రోజు ఖాళీ వంటగదిని గమనించాలి. ఎండ ఏ అలమర మీద పడుతుంది? స్నానాల గదిని ఆనుకొని ఉన్న గోడ ఏది? ఆ గోడ అలమరలో చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, తేమగా తగులుతుంది. అక్కడ స్టీలు గిన్నెలు పెట్టుకోవచ్చు గాని, ఉప్పు, బెల్లం, పిండి పెట్టరాదు.

గ్యాసు విషయంలో సర్దుబాటు పనికిరాదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకి పోక నేలను అంటి నిలుస్తుంది. అందుచేత సిలిండరును గాలి ఆడని అలమరలో మూసి ఉంచరాదు. దానిని నిలువుగానే నిలపాలి. పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా, రెగ్యులేటరు ఆపి కిటికీలు తెరవాలి.

ఇక బియ్యం. శుభ్రంగా కనిపించిన బియ్యంలో నెల తిరగకముందే పురుగు ఎక్కడినుంచి వచ్చింది? ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, రంధ్రాన్ని మూసివేస్తుంది. పిల్ల గింజలోనే పెరిగి, పెద్దదై బయటికి వస్తుంది. అంటే పురుగు చాలాసార్లు బియ్యంతోపాటే ఇంటికి వస్తుంది. అందుకే పాత బియ్యం మీద కొత్త బియ్యం పోయకూడదు. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండనిచ్చి పోయాలి. చిన్న వంటగదిలో మూట బియ్యం కొనకుండా నెలకు సరిపడా తెచ్చుకోవడమే మంచిది. కందిపప్పుకు కొద్దిగా ఆముదం పట్టించి ఉంచే పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. అది ఫ్లాటులోనూ పనిచేస్తుంది.

పొయ్యి పక్కనే కారం, పసుపు, నూనె పెట్టుకోవడం చేతికి సులభం. కాని ఆ వేడికి కారం రంగు తగ్గుతుంది, నూనె త్వరగా పాతవాసన వేస్తుంది. వారానికి సరిపడా చిన్న డబ్బాలో పోసుకొని, మిగిలినది దూరంగా, చీకటిగా ఉన్న అరలో ఉంచాలి. బంగాళాదుంపలకూ చీకటే కావాలి. వెలుతురు తగిలితే అవి పచ్చబడతాయి. ఆ పచ్చబడిన భాగంలో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఉల్లిపాయలను వాటితో కలపక, గాలి తగిలే బుట్టలో వేరుగా ఉంచాలి.

ఒకే రంగు డబ్బాలు వరుసగా పేర్చితే చూడముచ్చటగా ఉంటుంది. ఏ డబ్బాలో ఏముందో అమ్మకు తప్ప ఎవరికీ తెలియకపోతే ఆ వరుస ఎందుకు? పేర్లు రాసి అంటిస్తే ఇంట్లో అందరూ వంటకు చెయ్యి వేయవచ్చు.

ఆవకాయను మాత్రం కొత్త ఇంట్లోనూ జాడీలోనే ఉంచాలి. ఉప్పు, పులుపు లోహాన్ని తింటాయి, పింగాణీని తినలేవు. ముక్కల పైన నూనె తేలి ఉండాలి. తడి గరిటె తగలకూడదు. సింకుకు దూరంగా, కింది అరలో దానికి చోటు చూడాలి. సామాను తెచ్చిన అట్టపెట్టెలను పక్కనే దాచిపెట్టరాదు. బొద్దింకలు ముందుగా చేరేది వాటి మడతల్లోనే.