సాయం ఫిక్స్.. రేట్లు మాత్రం కాదు!

వాన పడగానే క్యాబ్ రేటు పెరుగుతుంది కదా? ఇంటి సామాను లెక్క కూడా అంతే. బుక్కపట్నం లాంటి చోట వందల ఇళ్లు ఒకేసారి మొదలైతే ఏమవుతుంది?

సిమెంటుతో పెద్ద ఇబ్బంది లేదు. ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. పైగా 2020లో రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలతో మాట్లాడి, బస్తా 225–235 రూపాయలకే ఇచ్చేలా ఒప్పించింది. కానీ ఇటుక బట్టీలు, బేల్దారి మేస్త్రీలు రాత్రికి రాత్రే పెరగరు. అందరూ వాళ్ల కోసమే పోటీపడితే రేటు పెరుగుతుంది. ఇసుక ఉచితమైనా ట్రాక్టర్ బాడుగ ఉచితం కాదు!

‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో ఇంటికి ఇచ్చింది 1.80 లక్షలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో స్టీలు రేటు ఎగిరినా ఆ అంకె కదల్లేదు. మే నెలలో కేంద్రం ఎగుమతి సుంకం వేశాక స్టీలు దిగింది. బిల్లులేమో పునాది, స్లాబ్ అంటూ దశలవారీగా పడతాయి. మధ్యలో రేటు పెరిగితే ఆ తేడాకి అప్పే దిక్కు.

ఆగిపోయిన ఇళ్ల కోసం 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు. మంచిదే. కానీ సాయాన్ని రేట్లతో పాటే పెంచితే, ఊళ్లో ఇళ్లన్నీ ఒకేసారి కాకుండా విడతలుగా మొదలుపెడితే, ఆ డబ్బు గోడల్లోకే వెళ్తుంది.