రెండు గాలుల నడుమ ఉక్కు రేకు

1973 మొదలుకొని 1978 వరకు జనరల్ మోటార్స్ సంస్థ అమెరికాలో నిర్మించిన జి.ఎం.సి. మోటారు గృహమును ఒకసారి చూచినవారు దాని రూపమును సులభముగా మరువజాలరు. ఓల్డ్స్‌మొబిల్ టొరొనాడో కారులోని ఇంజనును, ముందు చక్రములను త్రిప్పు దాని యంత్రరచనను గైకొని నిర్మించుటచే, వెనుక చక్రములకు శక్తిని మోయు పొడుగాటి కడ్డీతో ఆ బండికి పనిలేకపోయెను. కడ్డీ లేనందున లోపలి నేల భూమికి మిక్కిలి చేరువయ్యెను. వెనుక చక్రములు ప్రక్కకు రెండేసి చొప్పున, ఒకదాని వెంట ఒకటిగా, గాలి సంచుల ఆధారమున నడచుచుండెను. 23 అడుగులు, 26 అడుగులు అను రెండు నిడివులలో అల్యూమినియముతోను ఫైబర్‌గ్లాసుతోను నునుపుగా రూపొందిన ఈ బండ్లు ఇంచుమించు 13 వేలు తయారైనవి. నిర్మాణము ఆగిపోయి అర్ధశతాబ్ది కావచ్చుచున్నను వీనిలో ఎన్నియో నేటికిని రాజమార్గములపై తిరుగుచున్నవనిన, అందుకు కారణము యజమానుల అనురాగమే. ఆనాటి కార్బొరేటరును, ఆనాటి గడియారమును, ఆనాటి రంగు పరదాలను సైతము దేశమంతయు వెదకి తెచ్చి అమర్చుకొను ఆ మనుష్యులను నేను మనసార గౌరవింతును. అయినను ఆ బండిలోని ఒక్క అంగము విషయమున మాత్రము ఈ అనురాగము చెల్లదని నా నిశ్చయము. అది గదిని వెచ్చన చేయు ప్రొపేను ఫర్నేసు. దానికి ఆయువు తీరినపుడు మరమ్మతు చేయరాదు, మార్చివేయవలెను. ఎందుకనునది తెలియవలెనన్న ఆ యంత్రము పుట్టుకను, బ్రతుకును తెలిసికొనవలెను.

బండి నడచుచున్నంతసేపు చలిబాధ అంతగా ఉండదు. ఇంజనును చల్లార్చి వేడెక్కిన నీరే గొట్టముల గుండ ప్రవహించి లోపలి గాలిని వెచ్చన చేయును. బండిని నిలిపి, ఇంజను నాపి, రాత్రికి పక్క పరచుకొనునప్పుడు కష్టము మొదలగును. ఇటుక గోడల ఇల్లు పగటి వేడిని కొంత దాచుకొనును. సన్నని లోహపు గోడలు, ఒంటి అద్దపు విశాలమైన కిటికీలు గల ఈ ఇల్లు దేనినీ దాచుకొనజాలదు. అమెరికాలోని మిషిగన్ శీతకాలమున సూర్యాస్తమయమైన కొలది సేపటికే బయటి చలి లోపలికి వచ్చి కూర్చుండును. కావున నిప్పు కావలెను. నిప్పును రాజేయుట ఎవరికైనను తెలిసినదే. మూసిన గదిలో నిద్రించువాని ప్రక్కన దానిని తెల్లవారువరకు కాపురముంచుట మాత్రము మిక్కిలి దుర్ఘటమైన కార్యము. ఒక కిలోగ్రాము ప్రొపేను సంపూర్ణముగా దగ్ధమైనపుడు కిలోగ్రామున్నరకు పైగా నీటి ఆవిరి, దాదాపు మూడు కిలోగ్రాముల బొగ్గుపులుసు గాలి పుట్టును. అందులకు వలసిన ప్రాణవాయువు మనము పీల్చు గాలినుండియే పోవును. ప్రాణవాయువు చాలని మంట మరియొక వస్తువును కనును. అది కార్బన్ మోనాక్సైడు. మన రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో ఈ వాయువును పట్టుకొనును. కొంచెము కొంచెముగా రక్తమునంతను ఆక్రమించి, నిద్రలో నున్నవానిని నిద్రలోనే అంతమొందించును.

ప్రొపేను అను ఈ ఇంధనము చరిత్రయే ఒక చిత్రమైన కథ. 1910లో పిట్స్‌బర్గు నగరమున ఒక కారు యజమాని, తాను కొన్న గాసొలీను (పెట్రోలు) ఇంటికి చేరులోపల సగము మాయమగుచున్నదని, ప్రభుత్వ గనుల శాఖలోని రసాయనశాస్త్రజ్ఞుడు వాల్టర్ స్నెల్లింగుతో మొరపెట్టుకొనెనని చెప్పుదురు. స్నెల్లింగు ఆ తైలమును పరీక్షించి, అందు ప్రొపేను, బ్యూటేను మొదలగు తేలిక వాయువులు కలిసియుండి, సామాన్యమైన వేడికే పొంగి పోవుచున్నవని కనుగొనెను. వానిని వేరుచేసి, ఒత్తిడితో ద్రవముగా మార్చి, సీసాలలో బంధించు మార్గమును ఆయనయే చూపెను. కారులో నిలువక పారిపోయిన ఆ వాయువే కొన్ని దశాబ్దములకు కారునే ఇల్లుగా చేసికొన్నవారి పొయ్యిలోనికి, ఫర్నేసులోనికి తిరిగివచ్చెను. మన వంటయిండ్ల సిలిండరులో ప్రొపేనుతో పాటు బ్యూటేను సమృద్ధిగా నుండును. మన వాతావరణమునకు అది చాలును. బ్యూటేను సున్న డిగ్రీల యొద్దనే ఆవిరి కాకుండ మొరాయించును. ప్రొపేనైతే సున్నకు క్రింద 42 డిగ్రీల వరకు ఆవిరియై మంటకు అందుచుండును. అమెరికా మోటారు గృహములు దానినే ఎన్నుకొనుటకు హేతువిదియే.

ఇక యంత్రము. మోటారు గృహపు ఫర్నేసు ఒక ఇనుప పెట్టె. దాని నడుమ ఉక్కు రేకుతో చేసిన ఒక మూసిన గది యుండును. మెకానిక్కులు దానిని హీట్ ఎక్స్‌ఛేంజరు అందురు. మంట మండునది ఆ గదిలోనే. ఆ మంటకు వలయు గాలి బండి వెలుపలినుండి ఒక గొట్టము గుండ వచ్చును; మండిన పొగ వేరొక గొట్టము గుండ వెలుపలికే పోవును. ఆ ఉక్కు గదికి బయటి వైపున, అదే పెట్టెలో, ఇంటి గాలి తిరుగుచు రేకును తాకి వేడెక్కి గొట్టముల ద్వారా పడకల యొద్దకు చేరును. ఒకే మోటారు ఇరుసునకు రెండు ప్రక్కల రెండు చక్రములుండి, ఒకటి మంట గాలిని, మరియొకటి ఇంటి గాలిని నడపును. ఒకే కప్పు క్రింద నడిమి గోడ పెట్టుకొని వేరుపడిన అన్నదమ్ములవలె, ఈ రెండు గాలులు ఒకే పెట్టెలో బ్రతుకుచు ఎన్నడును ఒకదానినొకటి కలిసికొనగూడదు. వేడి మాత్రమే గోడ దాటవలెను. ఈ ఒక్క భావనలోనే ఆ యంత్రపు మహిమ యంతయు నున్నదని నేను తలంతును. తక్కిన తీగలు, స్విచ్చులు, బోర్డులు అన్నియు ఆ నడిమి గోడను కాపాడుటకు పుట్టినవే.

పాత ఫర్నేసులలో చిన్న పైలెట్ మంట ఒకటి రాత్రింబవళ్ళు వెలుగుచుండెడిది. అది ఆరిపోయినపుడు గ్యాసు బయటికి రాకుండ ఆపు కాపలాదారుగా, రెండు భిన్న లోహముల కొనలను అతికిన థెర్మోకపుల్ ఆ మంటలో ముంచి యుంచెడివారు. రెండు లోహముల అతుకును వేడిచేసిన విద్యుత్తు పుట్టునని థామస్ సీబెక్ 1821లో కనుగొన్న సత్యమే ఇచ్చట కాపలాకు దిగినది. ముప్పది మిల్లీవోల్టుల ప్రాంతమున నుండు ఆ స్వల్పశక్తి గ్యాసు వాల్వును తెరచి పట్టుకొనును, మంట ఆరగానే శక్తి తగ్గి వాల్వు మూతపడును. ఉపాయము చక్కనిదే కాని, గాలికి ఆ దీపము ఆరిపోయినప్పుడెల్ల, చలిలో మోకాళ్ళపై కూర్చుండి అగ్గిపుల్ల గీయవలసి వచ్చెడిది. నేటి ఫర్నేసులు ఈ బాధను తప్పించినవి. గది వేడిని కనిపెట్టు థెర్మోస్టాటు కబురంపగానే మొదట ఫ్యాను తిరుగును. గాలి తగిన వేగము నందుకొన్నపుడే, దాని తాకిడికి ఒక రేకు ఒరిగి, సెయిల్ స్విచ్చి కలియును. లోపల మిగిలిన వాయువు ఊడ్చివేయబడుటకు కొన్ని క్షణములు గడచును. అంతట వాల్వు తెరచుకొని నిప్పురవ్వ ఎగయును. మంట పుట్టినదా లేదా అనునది మంటయే చెప్పుట ఇందలి విశేషము: జ్వాలలోని విద్యుదావిష్ట కణములు ప్రవాహమును ఒక దిక్కునకే ఎక్కువగా పోనిచ్చును గనుక, ఆ సూక్ష్మప్రవాహము కన్పట్టిన మంట ఉన్నట్లు, లేనిచో గ్యాసు వృథాగా కారుచున్నట్లు యంత్రములోని విద్యుత్ బోర్డు గ్రహించి వాల్వును మూయును. పెక్కు యంత్రములు మూడుసార్లు యత్నించి, ఆపైన పట్టు విడిచి నిలిచిపోవును.

ఇన్ని కాపలాలున్నను కాలమును ఆపజాలినది ఏదియు లేదు. మీటరు పొడవు గల ఉక్కు నూరు డిగ్రీలు వేడెక్కినపుడు ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు సాగును. ఉక్కు గది ప్రతి రాత్రియు అనేక పర్యాయములు వందల డిగ్రీలు వేడెక్కుచు, చల్లారుచు, సాగుచు, ముడుచుకొనుచు, మంటలో పుట్టిన తేమకు తుప్పు పట్టుచు ఏండ్లు గడపును. అలసిన లోహము వంపుల యొద్ద, అతుకుల యొద్ద వెండ్రుకవంటి బీటలు దీయును. ఆ బీట పెరిగినపుడు నడిమి గోడ కూలినట్లే. పొగ ఇంటి గాలిలో కలియును. గ్యాసు వాసన మనలను హెచ్చరింపదా యని అడుగవచ్చును. 1937 మార్చి 18న టెక్సాసులోని న్యూ లండన్ పాఠశాలలో వాసనలేని సహజవాయువు కారి ప్రేలి దాదాపు మూడువందలమంది, అందు అధికసంఖ్యాకులు బాలబాలికలు, మరణించిన ఘోరము పిమ్మట ఇంధన వాయువులకు దుర్వాసన కలుపుట ఆచారమయ్యెను. మన వంటయింట మనలను హెచ్చరించు వాసన ఈ జాతికి చెందినదే. కాని కార్బన్ మోనాక్సైడు సిలిండరునుండి వచ్చునది కాదు, మంటలో జన్మించునది. దానికి వాసన కలుపు మార్గము లేదు. అందుచేత హెచ్చరిక యంత్రము ఒక్కటే శరణ్యము. డెబ్బదుల బండ్లు తయారగునాటికి అట్టిది వానిలో లేదు. బీట పడిన గదిని వెల్డింగు చేసి నడపవచ్చునని చెప్పువారు లేకపోలేదు. వారి చేతినైపుణ్యమును శంకింపను. అలసిన లోహమున ఒక బీట పూడ్చిన, దాని ప్రక్కనే రెండవది పుట్టునని మాత్రము చెప్పుదును.

మార్చుట సులభమైన పనివలె తోచును. పాత పెట్టె తీసి క్రొత్త పెట్టె పెట్టుటయే గదా యనిపించును. కాని పాత ఫర్నేసు వెడల్పునకు కోసిన రంధ్రము క్రొత్తదానికి తరచు సరిపడదు. బయటి గోడలోని పొగ రంధ్రము రెండంగుళములు ప్రక్కకో పైకో జరుగును. అపురూపమైన ఆ బండి గోడను ఎక్కడ కోయవలెను, ఎక్కడ మూయవలెను అను యోచనయే యజమాని నిద్ర చెడగొట్టును. వేడిగాలి గొట్టముల సంగతి ఇంకను ముఖ్యము. గంటకు 30,000 బి.టి.యు. అనగా దాదాపు తొమ్మిది కిలోవాట్ల వేడిని పుట్టించు యంత్రమునకు తగినన్ని వెడల్పైన గొట్టములు లేనిచో, ఆ వేడి పోవు దారి లేక ఉక్కు గదిలోనే నిలిచి దానిని కాల్చివేయును. అతితాపమును కనిపెట్టు స్విచ్చి మంటను మాటిమాటికి ఆర్పును, చలి తీరదు. తిరుగు గాలికి చాలినంత దారి విడువకపోయినను ఫలితమిదియే. అర్ధశతాబ్ది క్రిందటి గొట్టములు నలిగి, చినిగి, ఎలుకలు కొరికి యుండును గనుక వానిని అట్లే యుంచి క్రొత్త యంత్రమును తగిలించుట తగదు. పెట్టె చుట్టు కూర్చిన పాత వేడినిరోధక పలకలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును, పరీక్షింపక గీకరాదు.

పని మొదలిడుటకు ముందు సిలిండరు మూయుట, బ్యాటరీ తీగ విప్పుట విధులు. గ్యాసు గొట్టపు బిగింపును ఒక స్పానరుతో కాక రెంటితో పట్టి విప్పవలెను, లేనిచో మెత్తని రాగి గొట్టము మెలిపడును. బిగించిన పిమ్మట ప్రతి అతుకును సబ్బు నురుగుతో తడిపి బుడగలకై చూడవలెను. సిలిండరులోని తీవ్రమైన ఒత్తిడిని రెగ్యులేటరు 11 అంగుళముల నీటి ఎత్తునకు తగ్గించి ఫర్నేసునకు ఈయవలెను. ఈ కొలత తెలిసిన పనివానిచేత మానోమీటరుతో కొలిపించుట యుక్తము. బయటి పొగ గొట్టము మూతిని కూడ చూడవలెను. చిరకాలము నిలిపియుంచిన బండ్లలో మట్టితో గూడు కట్టు కందిరీగలకు ఆ గొట్టము ప్రియమైన నివాసము.

చిత్రమేమనగా, క్రొత్త ఫర్నేసు అంటుకొనలేదను ఫిర్యాదులు పెక్కింటికి మూలము గ్యాసులో ఉండదు, తీగలలో ఉండును. తుప్పు పట్టిన పాత తీగలలో పండ్రెండు వోల్టులు పదియై చేరిన, ఫ్యాను నెమ్మదించి సెయిల్ స్విచ్చి కలియదు. ధన ఋణ ధ్రువములు తారుమారైనచో మోటారు వెనుకకు తిరిగి అదే ఫలితము. యంత్రము చెడినదని తిట్టుకొనువారు, అది గాలి చాలనపుడు నిప్పు వెలిగింపక తన ధర్మమును నెరవేర్చుచున్నదని గ్రహింపవలెను. ఫ్యాను ఏడెనిమిది ఆంపియర్ల విద్యుత్తును త్రాగును. శీతరాత్రి సగము కాలము తిరిగినను సామాన్యమైన సీసపు బ్యాటరీ తెల్లవారునప్పటికి బాగుగా తగ్గును. ఎడతెగక మండినచో తొమ్మిది కిలోల ప్రొపేను సిలిండరు పదునాలుగు గంటలకే అయిపోవును. పుట్టిన వేడిలో నాలుగింట ఒక పాలు పొగతో వెలుపలికి పోవుట అనివార్యము. కావున పాత బండిలో తీగలను, కిటికీల రబ్బరును బాగుచేయక పెద్ద ఫర్నేసును కొనుట నాకు సమ్మతము కాదు.

నేడు కొందరు ప్రొపేనునే విడిచి, బండి టాంకులోని ఇంధనముతో మండు చిన్న జర్మను హీటర్లను అమర్చుకొనుచున్నారు. అవి విద్యుత్తును తక్కువగా వాడును, పొగకు వేరే గొట్టము కలిగియే యుండును. జి.ఎం.సి. బండికి అవి పనికిరావని కాదు. కాని గాసొలీను బండిలో ఆ పొగ గొట్టమును, టాంకునుండి వచ్చు ఇంధన గొట్టమును చక్కగా అమర్చు పనివాడు దొరకుట కష్టము. వంట పొయ్యికి ఎట్లును ప్రొపేను కావలసియే యుండుటచే పెక్కురు పాత మార్గమునే నడచుచున్నారు. ఏ మార్గమైనను పడక దాపున కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక యంత్రమును, నేల దాపున ప్రొపేను హెచ్చరిక యంత్రమును తప్పక బిగింపవలెను. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువై నేలమీద ప్రాకును. ఈ హెచ్చరిక యంత్రములకును ఆయువు కలదు, కొన్నేండ్లకొకమారు మార్చవలెను.

క్రొత్త ఫర్నేసును మొదటిసారి వెలిగించినపుడు లోహముపై పూసిన నూనె కాలి కొంత పొగ, వాసన వచ్చును. కిటికీలన్నియు తెరచి, మనుష్యులు బయట నుండగా ఆ నూనెను కాల్చి వేయవలెను. ఇక తీసివేసిన పాత యంత్రము: దాని మోటారు, ఫ్యాను చక్రములు, బయటి మూత మంచివైనచో దాచవచ్చును, మరియొక బండికి ప్రియమగును. ఉక్కు గదిని మాత్రము ఇంకొకరు కొని తగిలించుకొనకుండ, సుత్తితో అణచి, పాత ఇనుమునకు వేయవలెను.