పాట వినలేకపోతున్నారా? అది బలహీనత కాదు

పాట మనసుకు హాయినిస్తుందని మనందరికీ తెలుసు. ఏడ్చే పసిబిడ్డను నిద్రపుచ్చేది జోలపాట. నాట్లు వేసేవారికి నడుము నొప్పిని మరిపించేది పాట. కాని అదే పాట కొందరికి వినలేనంత బాధ కలిగిస్తుంది. రోగి దగ్గర ఉండే కుటుంబ సభ్యులు ఈ విషయం తెలుసుకోవడం ఎంతో అవసరం.

కొన్నేళ్ల క్రితం ఆడవారి వార్డులో జరిగిన సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. కాలికి షుగరు పుండుతో ఒక తల్లి చేరింది. ఉదయం బి.పి. 130/80 ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి 170/100 అయింది. ఒళ్లంతా చెమటలు, గుండెదడ, చేతులు చల్లబడ్డాయి. షుగరు పడిపోయిందేమోనని చూశాం, సరిగానే ఉంది. డాక్టరుగారు ఇ.సి.జి. తీయించారు, అందులోనూ తేడా లేదు. అరగంటకు నెమ్మదించింది. మర్నాడు మళ్లీ అలాగే అయింది.

అప్పుడు ఆమె కూతురు నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. "సిస్టర్, పక్క బెడ్డు వాళ్ల ఫోన్ మోగినప్పుడల్లా అమ్మకు ఇలా అవుతోంది. మా తమ్ముడికి ఫోన్ చేస్తే ఆ పాటే వినిపించేది. వాడికి యాక్సిడెంట్ అయిన రాత్రి అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తెల్లవార్లూ ఆ పాటే విన్నది."

నేను వెళ్లి ఆ తల్లితో, "పాటే కదమ్మా, మనసు గట్టి చేసుకోవాలి" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ధైర్యం చెప్పాననుకున్నాను. నిజానికి నేను చెప్పింది, నీ బాధ చిన్నదని. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మెదడులో అమిగ్డాలా అనే భాగం ఉంది. బాదంగింజ ఆకారంలో ఉంటుంది. అపాయాన్ని పసిగట్టడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. భయంకరమైన సంఘటన జరిగినప్పుడు ఆ సమయంలో వినిపించిన శబ్దాన్ని, వచ్చిన వాసనను, చూసిన వస్తువును మెదడు ఆ సంఘటనతో కలిపి ముడివేస్తుంది. తరువాత ఆ శబ్దం వినగానే, మనం ఆలోచించుకునే లోపలే, అపాయం వచ్చిందని శరీరాన్ని హెచ్చరిస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, చెమటలు పడతాయి.

అన్నం పెట్టే ముందు ఒక శబ్దం వినిపించడం అలవాటు చేస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్కకు నోరూరుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ వందేళ్లకు పైగా క్రితమే చూపించారు. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. అయితే భయం విషయంలో ఒక్కసారి చాలు, ముడి పడిపోతుంది.

ఫొటో అయితే పెట్టెలో దాచుకోవచ్చు. పాటను దాచలేం. టీ కొట్టులో, బస్సులో, పెళ్లి బ్యాండులో, పక్కింటి టి.వి.లో ఎక్కడినుండైనా వస్తుంది. అందుకే ఇలాంటివారు కొందరు బయటకు రావడమే తగ్గించేస్తారు.

ఇది మనకు కొత్త కాదు

ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు. తన చివరి సంవత్సరాల్లో ఆయన పాడిన భగవద్గీత భక్తితో వినదగినది. కాని మన ఊళ్లలో చావు జరిగిన ఇంటి దగ్గర దానిని మైకులో పెట్టడం అలవాటైంది. అందుకే ఎక్కడ వినిపించినా "ఎవరు పోయారు?" అని ఉలిక్కిపడేవారు ఎందరో ఉన్నారు. క్రైస్తవ కుటుంబాలలో కూడా, సమాధి తోటలో పాడిన పాట ఆదివారం గుడిలో మొదలుకాగానే లేచి బయటకు వెళ్లేవారిని చూస్తాం. వారిలో భక్తి తగ్గిందని అనుకోకూడదు. గాయం ఇంకా పచ్చిగా ఉందని గ్రహించాలి.

చేయకూడనివి

• "ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు?", "పాటే కదా" అనవద్దు.
• అలవాటవుతుందని బలవంతంగా వినిపించవద్దు.
• వారి ముందే ఆ సంఘటన గురించి వచ్చినవారందరికీ చెప్పవద్దు.
• ఆయాసం, గుండెనొప్పి వస్తే "పాట వల్లే" అని మీరే తేల్చుకోవద్దు. వెంటనే నర్సుకు చెప్పండి.

చేయవలసినవి

• పాటను మెల్లగా ఆపండి. హడావుడి చేయవద్దు.
• రెండు పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టండి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదలమనండి. చల్లని నీళ్లతో ముఖం కడగనివ్వండి.
• "అమ్మా, మనం ఆసుపత్రిలో ఉన్నాం. నేను నీ పక్కనే ఉన్నాను" అని చెప్పండి. ఎదురుగా కనిపించే వస్తువుల పేర్లు చెప్పమనండి. మనసు ఆ రోజునుండి ఈ రోజుకు వస్తుంది.
• డాక్టరుకు, నర్సుకు ఈ సంగతి ముందే చెప్పండి. అకారణంగా బి.పి. పెరిగిందని మేము కంగారుపడకుండా ఉంటాం.
• మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవారికి పాత పాటలు పెట్టడం మంచిదే. కాని పాట పెట్టి వారి ముఖం చూడండి. ఎందుకు బాధ కలుగుతోందో వారు చెప్పలేకపోవచ్చు. ముఖం ముడుచుకున్నా, అశాంతిగా కదిలినా ఆపి వేరే పాట పెట్టండి.

ఆ పాట మళ్లీ దగ్గరవుతుందా?

చాలామందికి అవుతుంది. ఆ పాటకు ఎప్పటికీ దూరంగా పారిపోతే భయం అలాగే ఉండిపోతుంది. బలవంతంగా వినిపిస్తే గాయం రేగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది: ఎప్పుడు వినాలో, ఎంత వినాలో వారే నిర్ణయించుకోవాలి. మనసు కుదుటపడ్డాక, నమ్మకమైన మనిషి పక్కన ఉండగా, చిన్న శబ్దంతో, కొద్దిసేపు వినవచ్చు. ఆపే స్విచ్ మాత్రం వారి చేతిలోనే ఉండాలి. వినగానే వణుకు, స్పృహ తప్పినట్లు కావడం, ఆ సంఘటన మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్లు అనిపించడం ఉంటే ఇంట్లో ప్రయత్నించవద్దు. కౌన్సిలింగు ఇచ్చేవారి సహాయంతోనే చేయాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ప్రమాదంలాంటి సంఘటన జరిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించాలి. ఆప్తులు పోయిన దుఃఖం నెలలు గడిచినా కొంచెం కూడా తగ్గక తిండి, పని, మాట మానేసినా చూపించాలి. చనిపోవాలని ఉందని అంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు, వారిని ఒంటరిగా వదలవద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

మా వార్డులోని ఆ తల్లి విషయానికి వస్తే, పక్క బెడ్డు వారిని అడగగానే మామూలు గంట శబ్దం పెట్టుకున్నారు. ఆమె మందులేవీ మార్చలేదు. ఇంటికి వెళ్లేవరకు బి.పి. మళ్లీ అలా పెరగలేదు. డిశ్చార్జి రోజున ఆమె చేతులు పట్టుకుని, ఆ రోజు అలా అన్నందుకు క్షమించమని అడిగాను.

కొన్ని నెలల తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు తానే చెప్పింది. "కూతురి చేత ఆ పాట పెట్టించుకున్నాను సిస్టర్. సగం విన్నాను. తర్వాత నేనే ఆపేశాను."

సగం చాలమ్మా అన్నాను.