మీకు తెలుసా? నూటికి 92 మంది

ప్రాణహిత నది దాటితే ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. డాక్టర్ రాణీ బంగ్, ఆమె భర్త అభయ్ బంగ్ 1986లో అక్కడ ‘సెర్చ్’ అనే సంస్థను ప్రారంభించారు. రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను, జబ్బు ఉందన్నా లేదన్నా, పరీక్షించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని తేలింది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు! అందులో సగం జననాంగాల ఇన్ఫెక్షన్లే. అంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి పరీక్ష, వైద్యం అందినవాళ్లు 8 శాతమే.

ఈ ఫలితాలు 1989లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. అప్పటిదాకా పల్లెటూరి ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే. నెలసరి బాధలూ తెల్లబట్టా ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్లనే లెక్కపెడితే ఎలా వస్తాయి? చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లు ఆ గడప తొక్కరు కదా. అందుకే రాణీ బంగ్ దంపతులు ఆసుపత్రిలో కూర్చోకుండా ఊళ్లోకే వెళ్లారు. ఊరి మంత్రసానులకూ శిక్షణ ఇచ్చారు, ఆడవాళ్లు నోరు విప్పేది వాళ్ల దగ్గరే మరి. 2018లో దంపతులిద్దరికీ పద్మశ్రీ వచ్చింది.